అప్‌డేట్: తాతగారి గొట్టం కోసిన తుపాకీ సంగతి

మా తాతగారి పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీని బాగు చేయించి, చంద్రగిరి ఇంట్లో గోడకు అలంకారంగా పెట్టుకోవచ్చునా అని నిరుడు అడిగాను. పాలిష్ కంటే ముందు చట్టం సంగతి తేల్చుకోమన్న పెద్దల మాటే నిజమైంది.

కొలిపిస్తే గొట్టాలు 18 అంగుళాలే ఉన్నాయి. 20 అంగుళాలకు తక్కువైన నునుపు గొట్టపు (లోపల గాడులు లేని) తుపాకీ నియంత్రిత వర్గంలోకి వస్తుందనీ, లైసెన్సు లేకుండా గొట్టం కోయడాన్ని 1959 నాటి ఆయుధ చట్టంలోని 6వ సెక్షను నిషేధిస్తుందనీ అప్పుడు తెలిసింది. ఎవరు కోయించారో చెప్పగలవారు ఇంట్లో లేరు; అయినా ఆ సంగతి దాచకుండా దరఖాస్తులో రాశాము. లైసెన్సు చిత్తూరులో పొందినది, మా ఊరేమో 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది, కనుక పాత కాగితాలు సమకూర్చుకోవడానికే మాకు నాలుగు నెలలు పట్టింది.

మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పాత ఆయుధానికే 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. అందుచేత అనుమతి తీసుకొని, లైసెన్సు గల వ్యాపారి చేతనే దానిని శాశ్వతంగా నిరుపయోగం చేయించి, ధ్రువపత్రం తీసుకున్నాము. మనసుకు కొంచెం కష్టమనిపించిన మాట నిజం.

గొట్టాలకు అతుకు వేయించలేదు. కోత కూడా దాని చరిత్రే. చెక్క మీది చవకబారు వార్నిష్ తీసి అవిసె నూనె పట్టిస్తే, పిడి దగ్గర సన్నని గళ్ల చెక్కడం బయటపడింది. ధ్రువపత్రం నకలును దాని పక్కనే ఫ్రేము కట్టించి పెట్టాము.