రెండు 3090 కార్డులకి పవర్ సప్లై: 1000 వాట్లు సరిపోతాయా, 1600కి వెళ్లాలా?

నిశాచర్

నా దగ్గర ఇప్పుడు ఒక ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు ఉంది, ప్రాసెసర్ రైజెన్ 9 5950ఎక్స్. అదే మోడల్ 3090 ఇంకొకటి త్వరలో చేతికొస్తుంది. రెండూ మూడేసి 8 పిన్ కనెక్టర్లు ఉన్న కార్డులే. రాత్రిళ్లు 4కేలో గేమ్స్, పగలు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ (సీన్ నుంచి బొమ్మలు తయారుచేయించడం), రెండిటికీ ఇదే మెషీన్. పవర్ సప్లై 850 వాట్లది, సామర్థ్యం రేటింగ్ గోల్డ్, కొని చాలా ఏళ్లయింది.

అసలు బాధ ఏంటంటే ఒక్క కార్డుతోనే ఇది అప్పుడప్పుడు టప్‌మని ఆరిపోతోంది. గేమ్ బాగా నడుస్తున్నప్పుడు కాదు, ఎక్కువగా మెనూలోంచి గేమ్‌లోకి వెళ్లే ఆ క్షణంలో. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు, ఫ్యాన్లతో సహా మొత్తం ఆగిపోతుంది, వెనక స్విచ్ ఆపేసి కాసేపాగి మళ్లీ వేస్తే గానీ లేవదు. గోడ ప్లగ్గు దగ్గర మీటర్ పెట్టి చూశాను, 600 వాట్లు ఎప్పుడూ దాటలేదు. 850లో 600 అంటే ఇంకా బోలెడు మిగిలినట్టే కదా, మరెందుకు ఆగుతోంది?

ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో రెండు కార్డులు వేస్తే 1000 చాలంటోంది. తెలిసినవాళ్లేమో 1600కి తగ్గొద్దంటున్నారు. 1600ది పెడితే అది ఎప్పుడూ 1600 లాగేస్తుందని ఇంట్లో టెన్షన్. గోల్డ్ కంటే పైదైన టైటానియం రేటింగ్‌కి అంత ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థముందా? పాత 850ని పారేయకుండా రెండో కార్డుకి విడిగా వాడుకోవచ్చా?

పన్నెండువోల్టులు

ముందు ఇంట్లోవాళ్ల టెన్షన్ తీర్చేయండి. పవర్ సప్లై మీద రాసిన అంకె అది నిలకడగా ఇవ్వగలిగిన గరిష్ఠం, ఎప్పుడూ లాగేది కాదు. లోపలి భాగాలు 400 అడిగితే 1600ది కూడా 400 ఇస్తుంది, గోడ నుంచి లాగేది దానికి కాస్త ఎక్కువ, అంతే.

ఇక ఆరిపోవడం సంగతి. ఆరిపోయే తీరు మీరు రాసింది చూస్తే, వెనక స్విచ్ ఆపి వేస్తే గానీ లేవకపోవడం, ఇది గ్రాఫిక్స్ డ్రైవర్ గోల కాదు, పవర్ సప్లైలోని ప్రొటెక్షన్ పనిచేసి కరెంటు కట్ చేసేస్తోంది. 3090 సగటున 350 వాట్లు తింటుంది, కానీ ఖాళీగా ఉన్న చిప్ మీద ఒక్కసారిగా పని పడితే వెయ్యోవంతు సెకను కూడా ఉండని ముక్కలో 500 దాటి ఎగురుతుంది. మీ మీటర్ సెకనుకి ఒకసారో రెండుసార్లో సగటు తీసి చూపిస్తుంది కాబట్టి ఆ ఎగురుడు దానికి కనబడనే కనబడదు, పవర్ సప్లైకి మాత్రం కనబడుతుంది. మెనూలోంచి గేమ్‌లోకి వెళ్లేటప్పుడే ఆగడానికి కారణం ఇదే: అప్పటిదాకా నిద్రపోతున్న కార్డు, ప్రాసెసర్ రెండూ ఒకేసారి లేస్తాయి. పాత డిజైన్లలో కొన్నిటికి ఈ ఎగురుడు షార్ట్ సర్క్యూట్‌లాగే కనిపించి కట్ చేసేస్తాయి. అది చెడిపోయిందనే అనుకోనక్కర్లేదు, ఇలాంటి కార్డులు రాకముందు గీసిన లెక్కలతో చేసినది అయ్యుండొచ్చు.

2022లో ఇంటెల్ పవర్ సప్లైలకి ఏటీఎక్స్ 3.0 ప్రమాణం తెచ్చింది ఇందుకే. కొత్త 12 ప్లస్ 4 పిన్ కనెక్టర్ ఉన్న పెద్ద సప్లైలు తమ రేటింగ్‌కి రెట్టింపు లోడుని 100 మైక్రోసెకన్లపాటు, 160 శాతాన్ని 10 మిల్లీసెకన్లపాటు ఆరిపోకుండా తట్టుకోవాలని అందులో ఉంది. 

మీ లెక్క చూద్దాం. రెండు కార్డులు 700, 5950ఎక్స్‌ని ఏమీ కదపకపోతే సాకెట్ దగ్గర 142, ఫ్యాన్లు, పంపు, డిస్కులు, బోర్డు కలిపి ఓ 80. నిలకడగా 920 పైచిలుకు. ఇది సగటు. రెండు కార్డులూ ఒకే క్షణంలో ఎగిరితే 1200 దాటుతుంది, ప్రాసెసర్‌కి పీబీవో (మామూలు వాట్ల పరిమితి దాటనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే ఇంకా పైకి. కాబట్టి ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ అయితే 1200 వాట్లది నిశ్చింతగా మోస్తుంది. పాత ప్రమాణంది తీసుకుంటే మాత్రం 1600 అన్నవాళ్ల మాట వినండి. 1000 వద్దు, అందులో 920 నిలకడగా నడిపితే అది ఎప్పుడూ అంచున ఉంటుంది, ఫ్యాన్ రోజంతా హోరెత్తుతుంది.

కేబుల్‌లెక్క

పైన చెప్పిన వాట్ల లెక్కతో నాకు పేచీ లేదు. కానీ మీ విషయంలో వాట్ల కంటే ముందు అడ్డుపడేది సాకెట్లు. రెండు కార్డులకి కలిపి ఆరు 8 పిన్‌లు, బోర్డు పైన ప్రాసెసర్‌కి మామూలుగా రెండు. మొత్తం ఎనిమిది. మాడ్యులర్ (తీగలు విడిగా గుచ్చుకునే) సప్లై వెనక భాగం ఫొటో తెరిచి చూడండి, చాలావాటిలో సాకెట్ల వరస కింద సీపీయూ/పీసీఐఈ అని కలిపి రాసి ఉంటుంది, అంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండిటికీ అవే సాకెట్లు. ఆరు సాకెట్లుంటే రెండు ప్రాసెసర్‌కి పోయి గ్రాఫిక్స్‌కి నాలుగే మిగులుతాయి. డబ్బా మీద మాత్రం ఆరు 8 పిన్ కనెక్టర్లు అని ఉంటుంది, ఎందుకంటే ఒక్కో తీగకి చివర రెండేసి తలలు పెట్టి లెక్కేస్తారు.

ఆ రెండు తలల తీగ గురించే చెప్పాలి. ఒక్కో 8 పిన్ కనెక్టర్‌కి ప్రమాణం ప్రకారం 150 వాట్లు. ఒకే తీగతో రెండు కనెక్టర్లు నింపితే సప్లై వైపు ఉన్న ఒకే ప్లగ్గులోంచి ఆ మొత్తం వెళ్లాలి. చిన్న కార్డుకి ఫరవాలేదు. 3090కి మాత్రం ఎన్ని కనెక్టర్లుంటే అన్ని విడి తీగలు వేయండి, మరీ తప్పకపోతే మూడింటిలో రెండు విడిగా, ఒకటి రెండో తల నుంచి. వేడెక్కి ప్లాస్టిక్ రంగు మారేది ముందు సప్లై వైపు ప్లగ్గులోనే, అక్కడ ఎవరూ చూడరు.

కొత్త సప్లైలో వచ్చే 600 వాట్ల 16 పిన్ (పైన చెప్పిన 12 ప్లస్ 4) తీగ చూసి మురిసిపోకండి, మీ కార్డులకి అది నేరుగా పట్టదు. కొన్ని ఏటీఎక్స్ 3 మోడళ్లలో ఆ సాకెట్ కోసం 8 పిన్‌లు తగ్గించేశారు కూడా.

ఇంకొకటి, ఒక్కో కార్డు బోర్డు మీద తను దిగే స్లాట్ నుంచి కూడా 75 వాట్ల దాకా తీసుకోవచ్చు. ఆ కరెంటు బోర్డుకి వచ్చేది 24 పిన్ ప్లగ్గులోని రెండే రెండు 12 వోల్టుల పిన్‌ల మీదుగా. రెండు కార్డులు కలిస్తే స్లాట్ల వాటా 11 ఆంపియర్ల దాకా వెళ్లొచ్చు, బోర్డు సొంత అవసరాలు దాని పైన. అందుకే మల్టీ కార్డు బోర్డుల అంచున అదనంగా ఒక 6 పిన్ సాకెట్ ఇస్తారు. మీ బోర్డు మీద అది ఉంటే ఖాళీగా వదలొద్దు, దయచేసి.

ఫ్రేమ్‌టైమ్

బ్రో, పవర్ సప్లై కొనే ముందు ఒక్క మాట. గేమ్స్ కోసమే అయితే రెండో కార్డు వద్దని గట్టిగా చెబుతాను. 3090లో డ్రైవర్ ప్రొఫైళ్లతో రెండు కార్డులూ కలిసి ఒకే గేమ్ నడిపే పాత ఎస్‌ఎల్‌ఐ పద్ధతి లేదు. గేమ్ చేసినవాళ్లే డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ అనే గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్‌లలో ఏదో ఒకదానిలో రెండు కార్డులకీ పని పంచేలా రాసి ఉండాలి. షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటివి కొన్నే ఉన్నాయి. మిగతా గేమ్స్‌లో రెండో కార్డు ఊరికే కూర్చుని పై కార్డు పీల్చే గాలిని వేడి చేస్తుంది. పాత కార్డులకి కూడా 2021 జనవరి 1 నుంచి కొత్త ప్రొఫైళ్లు ఆపేశారు. 4090లో అయితే రెండు కార్డుల్ని కలిపే ఎన్‌వీలింక్ కనెక్టరే లేదు.

రెండరింగ్‌కి మాత్రం రెండో కార్డు పూర్తిగా పనికొస్తుంది, అక్కడ సమయం దాదాపు సగానికి పడిపోతుంది. కానీ గమనించండి, యానిమేషన్ రెండర్‌లో ప్రతి ఫ్రేమ్ మొదట్లో రెండు కార్డులూ కలిసి లేస్తాయి, చివర్లో కలిసి పడుకుంటాయి. పవర్ సప్లైకి గేమ్ కంటే అదే పెద్ద పరీక్ష.

నిశాచర్

అందరికీ థ్యాంక్స్. రెండర్ పనే ముఖ్యం, గేమ్స్ ఒక్క కార్డు మీద నడిచినా నాకు బాధ లేదు. సప్లై వెనక ఫొటోలు చూస్తుంటే కేబుల్‌లెక్క గారు చెప్పింది నిజమే, లిస్టులో పెట్టుకున్న మూడింటిలో రెండింటికి సాకెట్లు చాలవు. పవర్ లిమిట్ తగ్గిస్తే 1000తో సరిపెట్టుకోవచ్చని ఒకరు మెసేజ్ పెట్టారు, నిజమేనా? పాత 850 సంగతి, టైటానియం సంగతి కూడా చెప్పండి.

చల్లగాలి

పవర్ లిమిట్ తప్పకుండా తగ్గించండి, కానీ చిన్న సప్లై కొనడానికి దాన్ని సాకుగా పెట్టుకోకండి. 3090ని 350 నుంచి 280కి దించితే పనితీరు కాస్తే తగ్గుతుంది, వేడి, శబ్దం మాత్రం బాగా తగ్గుతాయి, ముఖ్యంగా రెండు లావు కార్డులు పక్కపక్కన ఇరుక్కున్నప్పుడు. అయితే అది సాఫ్ట్‌వేర్ సెట్టింగ్. డ్రైవర్ అప్‌డేట్ అయినా, విండోస్ మళ్లీ వేసినా మొదటికొస్తుంది, ఆ రోజు రెండర్ అర్ధరాత్రి ఆగిపోతే మీకు తెల్లారే దాకా తెలియదు. పైగా లిమిట్ సగటుని దించుతుంది గానీ ఆ మైక్రోసెకన్ల ఎగురుడుని పూర్తిగా ఆపదు.

టైటానియం సంగతి లెక్కలో చూస్తే 900 వాట్ల లోడు దగ్గర 90 శాతం సామర్థ్యం ఉన్న గోల్డ్ గోడ నుంచి 1000 లాగుతుంది, 94 శాతం టైటానియం 957. తేడా 43 వాట్లు. రోజంతా రెండర్ నడిపేవాళ్లకి ఏళ్ల తరబడి అది కూడుతుంది, సాయంత్రం కాసేపు ఆడుకునేవాళ్లకి కాదు. మంచి గోల్డో ప్లాటినమో చాలు. గోల్డ్, టైటానియం లాంటి రేటింగ్‌లిచ్చే 80 ప్లస్ ముద్ర సామర్థ్యం గురించే చెబుతుంది, ప్రొటెక్షన్లు ఎలా పనిచేస్తాయో, ఎగురుడుని ఎంత తట్టుకుంటుందో చెప్పదు. కాబట్టి క్షణిక ఎగురుళ్లని కూడా చూపించే ఆసిలోస్కోప్ పెట్టి కొలిచిన రివ్యూ ఉన్న మోడల్‌నే తీసుకోండి, వారంటీ పదేళ్లుంటే ఇంకా మంచిది.

యూపీఎస్ ఉంటే దాని మీది వీఏ అంకె కాదు, వాట్లు చూడండి. ప్యూర్ సైన్ వేవ్ (మెయిన్స్ కరెంటులాగే నునుపైన అలనిచ్చేది) అయితేనే ఇంత పెద్ద సప్లైకి నమ్మకం.

పన్నెండువోల్టులు

850ని రెండో కార్డుకి పెట్టడం క్రిప్టో మైనింగ్ వాళ్లు చేసేవారు. రెండూ ఒకేసారి ఆన్ అయ్యేలా అడాప్టర్ కావాలి, కార్డు స్లాట్ నుంచి ఒక సప్లైని, పై కనెక్టర్ల నుంచి ఇంకోదాన్ని తీసుకుంటుంది, ఒకటి ముందు ఆరిపోతే ఏం జరుగుతుందో ఎవరూ భరోసా ఇవ్వలేరు. ఇప్పటికే ఆరిపోయే అలవాటున్న సప్లైని అలా ఖరీదైన కార్డుకి కట్టొద్దు. తక్కువ లోడు ఉన్న ఇంకో మెషీన్‌కి ఇచ్చేయండి.

1600 వైపు వెళ్తే ఒకటి చూసుకోండి, చాలావాటికి మామూలు పవర్ కార్డు పట్టదు, సీ19 అనే పెద్ద ప్లగ్గు వస్తుంది. 230 వోల్టులుంటే ఆ లోడుతో సమస్య లేదు. 120 వోల్టుల 15 ఆంపియర్ల లైను అయితే గంటల తరబడి నడిచే లోడు 1440 వాట్లలోపే ఉండాలి, అదే లైను మీద ఏసీ లాంటివి ఉండకూడదు.

నిశాచర్

సరే, ఏటీఎక్స్ 3.1, 1200 వాట్ల ప్లాటినం, 8 పిన్ సాకెట్లు ఎనిమిది ఉన్నది తీసుకుంటున్నాను. పాత సప్లై తీగలు కేస్ వెనక నీట్‌గా సర్ది కట్టేసి ఉన్నాయి, వాటినే కొత్తదానికి గుచ్చేస్తాను, రెండూ ఒకే కంపెనీవి.

కేబుల్‌లెక్క

ఆగండి, అది మాత్రం చేయొద్దు. కార్డు వైపు ప్లగ్గుకి ప్రమాణం ఉంది, సప్లై వైపు ప్లగ్గుకి లేదు. ఒకే కంపెనీలో కూడా సిరీస్ మారితే 12 వోల్టులు, గ్రౌండ్ స్థానాలు మారిపోవచ్చు, ప్లగ్గు మాత్రం చక్కగా దిగుతుంది, ఆన్ చేయగానే డిస్కో బోర్డో పోతుంది. పాతవన్నీ, డిస్కులకి వెళ్లే సాటా తీగలతో సహా, విప్పేసి కొత్త డబ్బాలో వచ్చినవే వేయండి. మొదట ఒక్క కార్డుతో ఒక రోజు నడిపి, తర్వాత రెండోది పెట్టండి. ఏదైనా తేడా వస్తే ఎక్కడుందో వెతకడం తేలిక.