ఎండకు కాగే మడుగుల్లో పరిగెలు ఎలా తట్టుకుంటున్నాయి?

కడప జిల్లా వేంపల్లె దగ్గర పాపాగ్ని నది వేసవిలో పారడం ఆగిపోయి మడుగులుగా మిగిలినప్పుడు, వాటిలోని చేపలను నాలుగేళ్లుగా గమనిస్తున్నాను. మొన్న ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండు గంటలకు ఒక మడుగు అంచున థర్మామీటరు ముంచితే 35 డిగ్రీలు చూపింది. అదే మడుగులో, కానుగ చెట్టు నీడ పడే బండ కింద 31 డిగ్రీలే ఉంది, పరిగెలన్నీ ఆ మూరెడు నీడలోనే ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి.

నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుందనీ (20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 దగ్గర ఏడున్నర), అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి దాని అవసరం ఎక్కువవుతుందనీ తెలుసు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. ఆ వెసులుబాటు లేని పరిగెల గురించే నా దిగులంతా.

ఏటా వేడిని తట్టుకుని మిగిలినవాటి పిల్లలు పుట్టుకతోనే ఎక్కువ ఓర్పు పొందుతున్నాయా, లేక ప్రతి తరమూ కొన్ని వారాల్లో క్రమంగా అలవాటుపడి బతుకుతోందా? చేపలకు హాని చేయకుండా ఈ రెండింటినీ వేరుచేసి చూసే పద్ధతి ఉంటే తెలిసినవారు దయచేసి వివరించగలరు. ప్రాణవాయువు బాగా పడిపోయే తెల్లవారుజామున కూడా కొలతలు తీయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.