బ్లాక్ ఫంగస్‌లాగే మిగతా ఫంగస్ జబ్బుల్నీ ప్రభుత్వానికి రిపోర్టు చేయాల్సిందేనా?

కృష్ణాతీరం:
2021 మే 20న తెలంగాణ 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద బ్లాక్ ఫంగస్‌ను నోటిఫై చేసింది. ప్రైవేటు ఆస్పత్రి అయినా సరే, కేసు వస్తే చెప్పి తీరాలన్నమాట. రాష్ట్రాలన్నీ అలా లెక్క ఇచ్చాయి కాబట్టే జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు అని కేంద్రం చెప్పగలిగింది. మరి ఐసీయూల్లో కాండిడా, ఆస్పర్‌జిల్లస్ అనే వేరే ఫంగస్‌లతో పోయేవాళ్ల సంగతేంటి? సర్టిఫికెట్‌లో ‘సెప్సిస్’ (ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్) అని రాసి పంపేస్తారు. అసలు మన దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించేది ఇంచుమించు ఐదింట ఒకటే. వీటినీ నోటిఫై చేయాలని ప్రభుత్వానికి వినతిపత్రం పెడదామంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

స్లైడ్‌బాబాయ్:
నేను కాదంటాను. జిల్లా ఆస్పత్రి ల్యాబ్‌లో పని నాది. మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) అయితే ముక్కులోంచి తీసిన ముక్కకి కేఓహెచ్ అనే ద్రావణం వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే గంటలో తేలిపోతుంది. అడ్డుగోడలు దాదాపు లేని వెడల్పాటి ఫంగస్ పోగులు కనిపిస్తాయి. వాచిన కన్ను, నల్లబడ్డ అంగిలి చూస్తే స్లైడ్ పెట్టకముందే అనుమానం వస్తుంది. రక్తంలో కాండిడా అలా కాదు, బ్లడ్ కల్చర్‌కి (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఇంచుమించు సగం కేసులు దొరకనే దొరకవు. ఆస్పర్‌జిల్లస్‌కి చేసే గాలక్టోమానన్ పరీక్ష మా దగ్గర లేదు. హైదరాబాద్ పంపి రిపోర్టు తెప్పించేసరికి పేషెంటు ఉంటే అదృష్టం. ఈ పరిస్థితిలో చట్టం తెస్తే జిల్లాలన్నీ ‘నిల్’ అని పంపుతాయి. ఆ నిల్ చూసి పైవాళ్లు రాష్ట్రంలో ఫంగస్ జబ్బే లేదంటారు.

గోదారి మెడికల్స్:
మీరిద్దరూ ఫంగస్ వెంట పడ్డారు. సెకండ్ వేవ్‌లో షాపులో కూర్చున్నవాణ్ణి, నేను చూసింది షుగరూ స్టెరాయిడూ. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకే డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) పనికొస్తుందని, అదీ రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా అని 2020లోనే బ్రిటన్ ట్రయల్‌లో తేలింది. ఇక్కడ వాట్సాప్‌లో వచ్చిన చీటీ ఫొటో చూపించి జ్వరం వచ్చిన రెండో రోజు నుంచే వేసుకున్నారు. ఆ రిపోర్టింగ్ డబ్బేదో షుగర్ పరీక్షలకి పెట్టండి.

కృష్ణాతీరం:
షుగరు మాట నిజమేనండీ. కానీ బ్లాక్ ఫంగస్‌కి ఇచ్చే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ మందు వయల్స్‌ని కేంద్రం ఎలా పంచింది? ఏ రాష్ట్రంలో ఎంతమంది రోగులున్నారో చూసి పంచింది. ఆంధ్రలో ఈ జబ్బు చికిత్సని ఆరోగ్యశ్రీలో చేర్చడం, జూన్‌లో ఆ మందు మీద జీఎస్టీ ఎత్తేయడం, అన్నీ కేసులు లెక్కకి వచ్చాక జరిగినవే. లెక్కలో లేని రోగానికి మందెవరు పంపుతారు?

లంగ్స్ అక్క:
మన వాదనకి బలం వస్తుందని పెద్ద అంకెలు పట్టుకోకండి. 2024లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఫంగస్ జబ్బులున్నవాళ్లలో ఏటా 38 లక్షల మరణాలు, అందులో నేరుగా ఫంగస్ వల్ల 25 లక్షలు. చాలా దేశాల్లో లెక్కే లేదు కాబట్టి అది లెక్కకట్టిన అంకె, లెక్కపెట్టింది కాదు.

నాకు రోజూ కనిపించే సమస్య వేరే. టీబీ తగ్గినా ఊపిరితిత్తిలో గుంత మిగులుతుంది, అందులో ఆస్పర్‌జిల్లస్ చేరుతుంది. దగ్గితే రక్తం పడుతుంది. కళ్లెలో టీబీ క్రిమి కనపడదు, అయినా మళ్లీ టీబీ మందులే మొదలుపెడతారు! ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ రక్తపరీక్ష (ఆ ఫంగస్‌కి వ్యతిరేకంగా ఒంట్లో తయారైన యాంటీబాడీల కోసం) చేస్తే చాలావరకు తేలుతుంది. 2012 నుంచి టీబీని నోటిఫై చేస్తూనే ఉన్నాం కదా, నయమయ్యాక కూడా దగ్గేవాళ్ల జాబితా అందులోంచే తీయొచ్చు. కొత్త చట్టం దేనికి?

నోటిఫై చేయాల్సింది ఏదైనా ఉందంటే కాండిడాలో ఒక రకమైన కాండిడా ఆరిస్. 2022లో డబ్ల్యూహెచ్‌ఓ 19 ఫంగస్‌ల జాబితా ఇచ్చి, నాలుగింటిని అతి ప్రమాదకరం అంది. వాటిలో ఇదొకటి. ఐసీయూలో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకుతుంది, చాలా మందులకి లొంగదు. కేసు తెలిస్తే వార్డు వేరు చేయొచ్చు. చెప్పినందుకు ప్రయోజనం కనపడే జబ్బు అది.

వరిచేను:
మధ్యలో దూరుతున్నా. వరిలో పాముపొడ తెగులుకి మేం కొట్టే హెక్సాకోనజోల్, మీరు ఆస్పర్‌జిల్లస్‌కి ఇచ్చే వోరికోనజోల్, రెండూ ఒకే కుటుంబం. పొలాల్లో మందు తట్టుకున్న ఫంగస్ ఆస్పత్రిలోనూ తట్టుకుంటుందని నెదర్లాండ్స్‌లో ఎప్పుడో గమనించారు. వ్యవసాయ శాఖని కూడా ఈ చర్చలోకి లాగండి.

స్లైడ్‌బాబాయ్:
అక్కా, ఆరిస్ ఒక్కదానికైతే ఒప్పుకుంటా. కాకపోతే పాత మెషీన్లు దాన్ని కాండిడా హేమ్యులోనీ అనే వేరే రకంగా చూపిస్తాయి. అలా వచ్చిన ప్రతి శాంపిల్‌నీ మాల్డీ-టాఫ్ (క్రిమి రకాన్ని కచ్చితంగా గుర్తించే యంత్రం) ఉన్న ల్యాబ్‌కి పంపాలి. ఏ ల్యాబ్‌కి, ఎన్ని రోజుల్లో, కొరియర్ ఖర్చు ఎవరిది, ఈ మూడూ జీవోలో రాయించండి. అప్పుడు మీ వినతిపత్రం మీద మొదటి సంతకం నాదే.