ధనుష్కోటి స్టేషన్‌ను మూయించింది తుఫానేనా? మళ్ళీ రైలు వేయాలా?

పట్టాలబాటసారి:
రామేశ్వరం నుంచి ధనుష్కోటికి కొత్త లైనుకు 2019లో శంకుస్థాపన చేశారు. పొడవు సుమారు 17 కిలోమీటర్లే, అయినా పని సాగలేదు. 1964 తుఫాను రాకపోతే ఆ స్టేషన్ ఈరోజుకీ నడిచేది. పోయినదాన్ని తిరిగి కట్టడానికి ఇంత తటపటాయింపు ఎందుకు?

ఉప్పుగాలి:
నడిచేదని నాకు నమ్మకం లేదు. ఆ స్టేషన్ ఊరి కోసం కాదు, ఓడ కోసం పుట్టింది. 1914లో రామేశ్వరం దీవిని ప్రధాన భూభాగంతో కలిపే పాంబన్ రైలు వంతెన తెరిచాక మద్రాసు ఎగ్మోరులో బోట్ మెయిల్ రైలు ఎక్కినవాళ్ళు ధనుష్కోటిలో దిగి, స్టీమరులో శ్రీలంక తీరంలోని తలైమన్నార్ చేరి, అక్కడ కొలంబో రైలు పట్టుకునేవారు. అంతటికీ ఒకే టికెట్టు! కస్టమ్స్ ఆఫీసూ అందుకే.

తుఫానుకి పాంబన్ వంతెన కూడా దెబ్బతింది. శ్రీధరన్ (తర్వాత ఢిల్లీ మెట్రో కట్టించిన ఆయనే) ఆధ్వర్యంలో 46 రోజుల్లో దాన్ని నిలబెట్టారు. అంటే ధనుష్కోటిని చేతకాక వదల్లేదు. స్టీమరు రామేశ్వరానికి మారింది, ఇక అక్కడికి రైలుతో పనేముంది? ఆ స్టీమరూ శ్రీలంక యుద్ధంతో 1980లలో ఆగిపోయింది.

పాత పాసింజర్:
653 నంబరు పాసింజరును మర్చిపోయారు. డిసెంబరు 22 అర్ధరాత్రి వేళ పాంబన్‌లో బయల్దేరింది. ధనుష్కోటి దగ్గర సిగ్నల్ పడక కాసేపు ఆగి, విజిల్ వేసి కదిలిందంటారు. అంతే, అల మింగేసింది. వంద మందికి పైగా పోయారు. ఆ తర్వాత ఊరే నివాసానికి పనికిరాదన్నారు. స్టీమరు మారిందీ ఆ తుఫాను వల్లే కదండీ!

ఉప్పుగాలి:
నిజమే, ఆ ముక్క తొందరపడి రాశాను. స్టీమరును కదిలించింది తుఫానే. కానీ మళ్ళీ వేయాలా అన్నది వేరే సంగతి. అటు పాక్ జలసంధి, ఇటు మన్నార్ సింధుశాఖ, మధ్యలో సన్నటి ఇసుక నాలుక. 2017 నుంచి ఆ నాలుక చివరనున్న అరిచల్‌మునై దాకా రోడ్డుంది, చాలదా?

పట్టాలబాటసారి:
ఆ రోడ్డు మాత్రం ఇసుక మీద లేదా? సముద్రానికి రోడ్డంటే ఏమైనా మొహమాటమా?

పాత పాసింజర్:
మొహమాటం లేదు. కానీ బస్సును మధ్యలో వెనక్కి తిప్పుకోవచ్చు, ఒంటి పట్టా మీద రైలును తిప్పలేం. వేస్తే వేయండి, నాకూ ఎక్కాలనే ఉంది. చీకటి పడ్డాక మాత్రం నడపొద్దు.