అప్‌డేట్: 17 ఒకట్ల సంఖ్యకు కారణాంకాలు దొరికాయి

వరుసగా 17 ఒకట్లు రాస్తే వచ్చే 11111111111111111 ప్రధాన సంఖ్యేనా అని ఇక్కడ అడిగాను. కాదని తేలింది. అది 2071723 × 5363222357. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు.

దారి చూపిన సలహా ఒక్కటే: దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 34తో భాగిస్తే 1 మిగలాలి. ఎందుకంటే ఆ కారణాంకంతో 10, 100, 1000 ఇలా ఘాతాలను భాగిస్తూ పోతే 17వ ఘాతం దగ్గరే మొదటిసారి 1 మిగులుతుంది, ఆ తర్వాత ప్రతి 17 ఘాతాలకోసారే. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం కారణాంకం కంటే ఒకటి తక్కువైన ఘాతం దగ్గరా 1 మిగలాలి. కాబట్టి కారణాంకంలోంచి 1 తీసేస్తే 17తోనూ, కారణాంకం బేసి సంఖ్య కనుక 2తోనూ నిశ్శేషంగా భాగించబడాలి. ఇక 103, 137, 239 అంటూ అలాంటివే పరీక్షించాలి. 2071723 వరకు ఒక్కటీ తగల్లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది: రెండో కారణాంకం ప్రధాన సంఖ్యేనా అని విడిగా పరీక్షించనక్కర్లేదు. దాని వర్గమూలం సుమారు 73 వేలే, అంతలోపువన్నీ అప్పటికే తేలిపోయాయి!

ఇలాంటి సంఖ్య ప్రధానం కావాలంటే ఒకట్ల లెక్క, అంటే ఇక్కడ 17, ప్రధాన సంఖ్య కావడం అవసరమే గానీ అది చాలదు. 19, 23 ఒకట్లవి మాత్రం నిజంగానే ప్రధాన సంఖ్యలు. అంకెల మొత్తం చూడమన్న సూచన 3ను పక్కన పెట్టడం వరకే పనికొచ్చింది.

ఇదే లెక్క చేయబోయేవారు స్ప్రెడ్‌షీట్ వాడకండి, 15 అంకెల తర్వాత సున్నాలు పడతాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అంకెలు పోవు.