రిమోట్ ఏజెన్సీలో రెండేళ్లు: పని ల్యాండింగ్ పేజీల దగ్గరే ఆగిపోయింది, ఇక్కడి నుంచి ఎట్లా ఎదగాల?

అనంత_పిక్సెల్ (అనంతపురం)

అన్నలూ, అక్కలూ, సలహా కావాల. రిమోట్ ఏజెన్సీలో వెబ్ డిజైనర్‌ని, రెండేళ్లయింది. క్లయింట్లు ఎక్కువ లండన్ వాళ్లు, కొందరు న్యూయార్క్. నా చేతికి వచ్చేది ల్యాండింగ్ పేజీలు (ప్రకటన నొక్కితే తెరుచుకునే ఒంటి పేజీలు), బ్యానర్ల సైజులు మార్చడం, ఉన్న కాంపొనెంట్లతో (బటన్, కార్డు లాంటి ముక్కలు) కొత్త పేజీ పేర్చడం. డిజైన్లు గీసే ఫిగ్మా బాగా వచ్చు. పేజీ కట్టే కోడ్, అంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ చదివితే అర్థమైతుంది, రాయమంటే చెయ్యి ఆడదు. ఫైల్ డెవలపర్‌కు ఇచ్చినాక ఏమైతుందో తెలీదు. రివ్యూ అంటే ఆఫీసు చాట్ స్లాక్‌లో ఒక బొటనవేలు ఎమోజీ, అంతే.

రోజుకు గంటన్నర చొప్పున ఆరు నెలలు పెట్టగలను. రియాక్ట్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేర్చుకోవాల్నా? పక్కన కూర్చొని తప్పులు చెప్పేవాళ్లు లేనప్పుడు రివ్యూ ఎట్లా రాబట్టాల? ఎన్‌డీఏ (పని బయటపెట్టొద్దనే ఒప్పందం) ఉంది కాబట్టి పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాల? బెంగళూరుకు పో అని మాత్రం అనొద్దండి, అది కుదరదు.

కేసీ_కెనాల్ (కర్నూలు)

మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే, మధ్యలో అలవోకగా అనేసిన మాట దగ్గరే చిక్కుంది: "ఫైల్ ఇచ్చినాక ఏమైతుందో తెలీదు." ల్యాండింగ్ పేజీని చిన్నచూపు చూడొద్దు. ఒక పేజీ, ఒక ఉద్దేశం, ఫలితం అంకెల్లో తేలిపోతుంది. నేర్చుకోవడానికి అంతకంటే మంచి సరుకు దొరకదు. మీరు దాన్ని సగంలో వదిలేస్తున్నారు.

ఈ వారమే స్టేజింగ్ లింక్ (లైవ్‌కు ముందు పరీక్షించే కాపీ) అడగండి. "లైవ్‌కు పోయే ముందు ఒకసారి చూసి లోపాలు రాసిస్తాను" అంటే ఏ ప్రాజెక్ట్ మేనేజరూ కాదనరు, వాళ్ల నెత్తిన ఒక పని తగ్గుతుంది.

ముందు వెడల్పులు. మీరు గీసింది 1440, 390 పిక్సెళ్లకు కావచ్చు. బ్రౌజర్ కిటికీని 320 దగ్గర మొదలుపెట్టి మెల్లగా సాగదీయండి. పేజీ ఎక్కువగా విరిగేది 700కు, 1000కి మధ్య. మెనూ రెండు వరసలైపోతుంది, మూడు కార్డుల్లో మూడోది కిందికి జారి ఒంటరిగా నిలబడుతుంది. మొదలు 320 ఎందుకంటే, 1280 వెడల్పు తెరను 400 శాతం జూమ్ చేస్తే మిగిలే జాగా అంతే. వెబ్ అందరికీ అందాలనే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లోని రీఫ్లో నియమం అడిగేది కూడా ఆ వెడల్పులో అడ్డంగా స్క్రోల్ చేయాల్సిన పని ఉండకూడదని.

తర్వాత మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీ ఒక్కదానితో ఫారం నింపండి. ఫోకస్ (కీబోర్డు ఇప్పుడు ఏ గడి మీద ఉందో చూపే గుర్తు) ఎక్కడుందో కనిపించకపోతే, ఆ స్టేట్ మీ ఫైల్‌లో గీయలేదన్నమాట. ఎర్రర్ స్టేట్, లోడింగ్ స్టేట్, ఏమీ లేనప్పటి స్టేట్ సంగతీ ఇంతే. డెవలపర్ తనకు తోచింది పెడతాడు, తర్వాత మనం తిట్టుకుంటాం. బూడిద రంగు అక్షరాలనూ చూడండి. తెల్లటి నేల మీద 767676 రంగుకు కాంట్రాస్ట్ (అక్షరానికీ నేలకూ మధ్య వెలుగు తేడా) 4.54 వస్తుంది, పాస్. 777777 పెడితే 4.48, ఫెయిల్. మామూలు సైజు అక్షరాలకు 4.5 ఉండాల. కంటికి రెండూ ఒకటే, అందుకే కంటిని నమ్మొద్దు.

చివరగా వేగం. గూగుల్ కొలతల్లో ఎల్‌సీపీ (పేజీలోని పెద్ద బొమ్మో రాతో కనిపించడానికి పట్టే వేళ) 2.5 సెకన్లు, ఐఎన్‌పీ (నొక్కినాక స్పందించే వేళ) 200 మిల్లీసెకన్లు, సీఎల్ఎస్ (పేజీ కుదుపు) 0.1 దాటకూడదు, అదీ 75వ పర్సెంటైల్ దగ్గర, అంటే నూటికి 75 సందర్శనల్లో. ఇవి డెవలపర్ల తలనొప్పి అనుకుంటాం గానీ చాలావరకు మన ఆర్ట్‌బోర్డు మీదే పుడతాయి. హీరోలో (పేజీ పైనుండే పెద్ద భాగం) నాలుగు ఫొటోల స్లైడర్ పెట్టింది మనమే. బ్యానర్ వచ్చి పేజీ మొత్తాన్ని కిందికి తోసేలా గీసిందీ మనమే. 360 వెడల్పు ఫోన్‌కు, స్క్రీన్ డెన్సిటీ 3 అయినా, 1080 పిక్సెళ్ల ఫొటో చాలు. 3000 పిక్సెళ్లది అప్పజెప్పి ఊరుకుంటే అదే పోతుంది. హీరో ఫొటోకు లేజీ లోడింగ్ (ఆలస్యంగా, అవసరమైనప్పుడే తెచ్చే పద్ధతి) పెట్టారేమో కూడా చూడండి. ఎల్‌సీపీ పాడు కావడానికి అదొక్కటి చాలు.

క్రోమ్‌లోని పరీక్ష సాధనం లైట్‌హౌస్‌లో 95 వచ్చిందని పొంగిపోవద్దు. అది మీ ల్యాప్‌టాప్‌లో ఒకసారి నడిపిన పరీక్ష, పేజీ లోడ్ చేసి ఇచ్చే ఆ రిపోర్టులో ఐఎన్‌పీ ఉండదు. గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పైన వచ్చేది గత 28 రోజుల్లో నిజంగా వచ్చినవాళ్ల అనుభవం. జనం తక్కువ వచ్చే పేజీకి ఆ అంకెలు కనిపించవు.

దొరికిన ప్రతి లోపాన్నీ షీట్‌లో ఎక్కించండి: వెడల్పు, బ్రౌజర్, స్క్రీన్‌షాట్, ఎట్లా ఉండాల్సింది. ఇవి డెవలపర్ కోసం. పక్కన మీ కోసం ఇంకో కాలమ్: "ఇది నా ఫైల్‌లో చెప్పి ఉంటే తప్పేదా?" పది పేజీలయ్యేసరికి ఆ కాలమే మీ సిలబస్.

బండమీద_గ్రిడ్ (కడప)

రియాక్ట్ వద్దు, ఇప్పుడే వద్దు. సీఎస్ఎస్ చెయ్యి తిరగకుండా రియాక్ట్‌కు పోతే రెండూ కావు. మొదటి మూడు నెలలు ఒకటే పని: మీరు ఇదివరకే గీసిన ల్యాండింగ్ పేజీల్లో ఒకదాన్ని, ఫ్రేమ్‌వర్క్ ఏదీ లేకుండా, మీ చేత్తో కట్టండి. ఒక పేజీకి మూడు వారాలు పట్టినా పర్వాలేదు. రెండోదానికి పది రోజులు చాలు.

మీకు సగం వచ్చినట్టే. ఫిగ్మాలో ఆటో లేఅవుట్ అంటే దాదాపు సీఎస్ఎస్‌లో పెట్టెలను వరసగా పేర్చే ఫ్లెక్స్‌బాక్సే. గ్యాప్ గ్యాపే, ప్యాడింగ్ ప్యాడింగే, "ఫిల్" అంటే ఫ్లెక్స్ 1కి దగ్గర, "హగ్" అంటే లోపలి సరుకును బట్టి వెడల్పు. తేడా వచ్చి అందరూ ఇరుక్కునేది ఒకచోట. ఫ్లెక్స్ లోపలి పెట్టెకు మిన్-విడ్త్ సహజంగా ఆటో. అందులో పొడవాటి ఈమెయిల్ అడ్రస్ పడితే పెట్టె కుంచించుకోదు, పేజీనే పక్కకు తోస్తుంది. ఆ పెట్టెకు మిన్-విడ్త్ సున్నా ఇచ్చి, ఓవర్‌ఫ్లో-ర్యాప్ ఎనీవేర్ పెట్టండి. అడ్డం, నిలువు రెండూ కలిసి నడవాల్సిన చోట గ్రిడ్, ఒకే వరస అయితే ఫ్లెక్స్.

హెడ్డింగ్ సైజుకు మీడియా క్వెరీలు (తెర వెడల్పును బట్టి మారే నియమాలు) గుట్టలుగా రాయకుండా క్లాంప్ (కనిష్ఠం, గరిష్ఠం మధ్య సైజును ఉంచేది) వాడండి. 360 వెడల్పులో 28 పిక్సెళ్లు, 1280లో 48 కావాలనుకోండి. సైజు తేడా 20, వెడల్పు తేడా 920. 20ని 920తో భాగించి వందతో గుణిస్తే 2.17, అది వీడబ్ల్యూ (ఒక వీడబ్ల్యూ అంటే తెర వెడల్పులో నూరో వంతు). 360 దగ్గర ఆ 2.17 వీడబ్ల్యూ విలువ 7.8 పిక్సెళ్లు. 28లోంచి తీసేస్తే 20.2, అంటే 1.26 రెమ్ (ఒక రెమ్ సాధారణంగా 16 పిక్సెళ్లు). కనిష్ఠం 1.75 రెమ్, మధ్యలో 1.26 రెమ్ + 2.17 వీడబ్ల్యూ, గరిష్ఠం 3 రెమ్. మధ్యలో రెమ్ లేకుండా ఉత్త వీడబ్ల్యూ పెడితే ఆ మధ్య వెడల్పుల్లో జూమ్ చేసినా అక్షరం పెరగదు, పెద్దవాళ్లకు చదవడం కష్టం.

నాలుగో నెలలో కంటైనర్ క్వెరీలు (తెర కాక పెట్టె వెడల్పును బట్టి మారే నియమాలు), హ్యాజ్ సెలెక్టర్ (లోపల ఏముందో చూసి పెట్టెను ఎంచుకునేది). రెండూ 2023 చివరికల్లా పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చేసినాయి.

క్లాక్‌టవర్_కింద (అనంతపురం)

పై మాటకు చిన్న సవరణ. మీ ఏజెన్సీ సైట్లు వెబ్‌ఫ్లోలో (కోడ్ రాయకుండా సైట్ కట్టే సాధనం) కడుతుంటే మొదటి నెల నుంచే దాన్ని ముట్టుకోండి. అందులో ఉండేదీ క్లాసులు, బాక్స్ మోడల్, ఫ్లెక్స్, గ్రిడ్డే, పేర్లు కూడా మారవు. పైగా పేజీని మీరే లైవ్ దాకా తీసుకుపోవచ్చు, బ్యానర్ల పని నుంచి బయటపడడానికి ఇదే దగ్గరి దారి. వర్డ్‌ప్రెస్ అయితే మాత్రం గ్రిడ్ అన్న చెప్పిందే నయం.

బండమీద_గ్రిడ్ (కడప)

ఒప్పుకుంటా. ప్రతి ఎలిమెంట్‌కూ కొత్త క్లాస్ పుట్టించే అలవాటు మాత్రం చేసుకోవద్దు, ఆర్నెల్లకు ఆ సైట్ ఎవరూ ముట్టలేరు.

రాజ్‌విహార్_నైట్‌షిఫ్ట్ (కర్నూలు)

రివ్యూ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. బొటనవేలు ఎమోజీ వస్తోందంటే మీరు అడిగిన తీరు అట్లా ఉంది. "ఎట్లా ఉందో చూడండి" అని ఫైల్ లింక్ పడేస్తే పనుల్లో మునిగిన మనిషి ఇంకేం చేస్తాడు? అడగాల్సింది తీర్పు చెప్పక తప్పని ప్రశ్న. "ధరల పట్టిక ఫారం పైన పెట్టాను. ఫోన్‌లో ఫారం మూడో స్క్రీన్‌కు పోతోంది. కింద పెడితే ఫారం ముందొస్తుంది, ధర తెలియకుండా నింపాల్సి వస్తుంది. నేను మొదటిదే ఎంచుకున్నా, కారణం ఇది. మీరేమంటారు?" ఇట్లా రాస్తే ఒక్క బొటనవేలితో తప్పించుకోలేరు. రెండు వెర్షన్లూ పక్కపక్కన ఒకే ఫ్రేమ్‌లో పెట్టి, కామెంట్ పిన్ సరిగ్గా ఆ చోటే గుచ్చండి.

ఒక్కసారికి ఒకటే ప్రశ్న, మహా అయితే రెండు. ఏడు అడిగితే అన్నిటికన్నా సులువైనదానికి జవాబు వస్తుంది, మిగతావి గాల్లో కలుస్తాయి.

రెండోది వేళ. లండన్‌లో పొద్దున 9 అంటే మనకు చలికాలం మధ్యాహ్నం 2:30, ఎండాకాలం 1:30. న్యూయార్క్ 9 అంటే రాత్రి 7:30 లేదా 6:30. గడియారం మార్చేది వాళ్లే, మనది కదలదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం మారుతుంది. ఆ మధ్య వారాల్లో రెండు క్లయింట్ల మీటింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి, క్యాలెండర్ ముందే చూసుకోండి. మీ ప్రశ్న వాళ్ల పొద్దుటి కాఫీ వేళకు ఇన్‌బాక్స్‌లో ఉండేలా మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పంపేస్తే సాయంత్రానికి జవాబు. మీ సాయంత్రం ఆరింటికి పంపితే ఒక రోజు పోయినట్టే.

ఎవరూ ఏమీ చెప్పకపోతే? శుక్రవారం నాలుగు వరసలు రాసి టీమ్ ఛానెల్‌లో పెట్టండి: ఏం నిర్ణయించాను, ఏది వద్దనుకున్నాను, ఎందుకు. జీతం మాట్లాడే రోజు మీ చేతిలో ఉండే కాగితం అదే.

అనంత_పిక్సెల్ (అనంతపురం)

చాలా థ్యాంక్స్ అన్నా, అందరికీ. షీట్ ఈ రోజే మొదలుపెట్టినా. పోర్ట్‌ఫోలియో సంగతి మిగిలింది. ఉత్తుత్తి ఫుడ్ డెలివరీ యాప్ గీసి పెట్టడం నాకే నచ్చడం లేదు. మన వైపు ఏదైనా వ్యాపారానికి తెలుగులో సైట్ చేస్తే పనికొస్తుందా?

కేసీ_కెనాల్ (కర్నూలు)

ఎన్‌డీఏ మొదట పూర్తిగా చదవండి. కొన్నిట్లో లైవ్ అయిన పేజీని చూపించొచ్చని ఉంటుంది, కొన్నిట్లో క్లయింట్ పేరు చెప్పడమే నిషేధం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. కాబట్టి ఫిగ్మా ఫైళ్లు సొంత అకౌంట్‌లోకి కాపీ కొట్టుకోవద్దు. "ఈ పేజీ నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా" అని ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. స్లాక్‌లో అడిగితే మీరు మానేసిన రోజు ఆ జవాబు మీకు కనిపించదు.

బండమీద_గ్రిడ్ (కడప)

తెలుగు సైట్ ఆలోచన బాగుంది, చేయండి. మా వైపు అయితే కడప బండలమ్మే షాపు. కొనేవాడికి తెలియాల్సినవి నాలుగే: చదరపు అడుగు ధర, మందం, పాలిష్ ఉందా లేదా, లారీ కిరాయి ఎవరిది. వంటింటి గట్టుకు ఎన్ని అడుగులు కావాలో లెక్కకట్టే చిన్న ఫారం, వాట్సాప్ బటన్, బండల ఫొటోలు. ఇంత చిన్న సైట్‌లోనే మీ తీర్పు మొత్తం బయటపడుతుంది. నిజం షాపును ఒప్పించి లైవ్ చేయగలిగితే ఇంకా మేలు.

తెలుగులో కట్టేటప్పుడు ఇంగ్లీషు కొలతలు అచ్చంగా పెట్టొద్దు. హెడ్డింగుకు లైన్-హైట్ 1.1 ఇస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. హెడ్డింగుకు 1.4, పేరాకు 1.7 దగ్గర మొదలుపెట్టి కంటితో సరిచేయండి. బటన్‌కు ఎత్తు బిగించి ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల కాళ్లు తెగిపోతాయి. ఎత్తు బిగించకుండా ప్యాడింగ్ ఇవ్వండి. లెటర్-స్పేసింగ్ సున్నా. మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఒక్క మందంలోనే ఉన్నాయి. బోల్డ్ అడిగితే బ్రౌజర్ దొంగ బోల్డ్ చేస్తుంది, అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు అయితే సన్నం నుంచి లావు దాకా ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ విలువ "te" పెట్టడం మర్చిపోవద్దు, స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకునేది దాన్ని బట్టే.

షాపు ఓనరు ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు ఇచ్చిన పాంప్లెట్ ఫైల్ చేతిలో పెడతాడు. అది అను ఫాంట్‌లో ఉంటే యూనికోడ్ కాదు, కాపీ చేసి అతికిస్తే చెత్త వస్తుంది. కన్వర్టర్‌లో మార్చినా ఒత్తుల దగ్గర తప్పులు ఉంటాయి, మాట మాటా చదవాల్సిందే. ఇంకొకటి: "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేసింది లైవ్‌లో "సాఫ్ట్వేర్" అయిందంటే, మధ్యలో కనిపించకుండా ఉండే జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరాన్ని సీఎంఎస్ (సైట్‌లోకి రాతలు ఎక్కించే సాఫ్ట్‌వేర్) తినేసిందని అర్థం. దాన్ని తీసేయకుండా ఉంచమని డెవలపర్‌కు చెప్పాల.

కేస్ స్టడీలో ఇవన్నీ ముందూ వెనకా బొమ్మలతో చూపించండి.

క్లాక్‌టవర్_కింద (అనంతపురం)

ఎండాకాలం వస్తోంది కాబట్టి చెబుతున్నా. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నిలబడుతుంది, కాల్ తెగేది రౌటర్ దగ్గర. దానికి డీసీ మినీ యూపీఎస్ దొరుకుతుంది. అడాప్టర్ మీద వోల్టేజ్ ఎంత రాసుందో సరిగ్గా అంతే ఉన్నది తీసుకోండి (ఎక్కువగా 12 వోల్టులు), ఆంపియర్ సమానమో ఎక్కువో ఉంటే చాలు. ఫైబర్ పెట్టె, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండిటికీ కరెంటు కావాల. ఒక్కదానికే పెట్టి "నెట్ రాలేదే" అని తల పట్టుకునేవాళ్లు చాలామంది.