పరిశోధన కోసమా, పరిశోధన పేరిటా? తిమింగలాల వేటకు ఏ మాట వాడాలి?

నుడికారం:
1946 నాటి అంతర్జాతీయ తిమింగల వేట నియంత్రణ ఒప్పందంలో ఎనిమిదో అధికరణం గురించి తెలుగులో రాయాలి. సభ్యదేశం ప్రత్యేక పర్మిట్ ఇస్తే శాస్త్ర పరిశోధనకు తిమింగలాలను చంపవచ్చు, చంపినవాటిని వీలైనంత వరకు వృథా పోనివ్వకూడదు. సారాంశం ఇదే. "శాస్త్రీయ వేట", "పరిశోధన కోసం వేట", "పరిశోధన పేరిట వేట", "పరిశోధన ముసుగులో వేట": వీటిలో ఏది సరి?

కడలిగవ్వ:
"శాస్త్రీయ వేట"ను ముందే పక్కన పెట్టండి. శాస్త్రీయ సంగీతం, శాస్త్రీయ నృత్యం అనడం మనకు అలవాటు. కాబట్టి శాస్త్రీయ వేట అంటే సంప్రదాయబద్ధమైన వేట అనే అర్థం తోస్తుంది. అంతర్జాతీయ తిమింగల కమిషన్ నిబంధనల్లో ఆదివాసుల జీవనాధార వేట అని వేరే వర్గం ఉంది. అలాస్కా, గ్రీన్‌లాండ్ ప్రజల వేట అందులోకి వస్తుంది. రెండూ కలిసిపోతే చదివేవారు పూర్తిగా దారి తప్పుతారు.

ఇంకో జాగ్రత్త. అదే అధికరణంలో చంపడం, పట్టడంతో పాటు "ట్రీట్" అనే క్రియ ఉంది. దాన్ని చికిత్స అని రాయకండి. కళేబరాన్ని కోసి మాంసం, కొవ్వు వేరు చేయడం అని అక్కడి అర్థం.

న్యాయపదం:
మిగతా మూడింటి మధ్య తేడా విభక్తి దగ్గరే ఉంది. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2014 మార్చి 31న తేల్చింది కూడా దాన్నే. జపాన్‌పై ఆస్ట్రేలియా 2010లో వేసిన కేసు అది. న్యూజీలాండ్ కూడా జోక్యం చేసుకుంది. అంటార్కిటిక్‌లో జపాన్ నడిపిన రెండో కార్యక్రమంలో ఏటా సుమారు 850 మింకీ, 50 ఫిన్, 50 హంప్‌బ్యాక్ తిమింగలాలను లక్ష్యంగా పెట్టుకున్నారు. "శాస్త్ర పరిశోధన" ఒక ప్రశ్న, "దాని కోసం" ఇంకో ప్రశ్న అని కోర్టు విడదీసింది. ఈ పనిని స్థూలంగా శాస్త్ర పరిశోధన అనవచ్చు, కానీ ఇచ్చిన పర్మిట్లు మాత్రం శాస్త్ర పరిశోధన కోసం ఇచ్చినవి కావు అని 12-4 మెజారిటీతో చెప్పింది. మన దేశపు న్యాయమూర్తి దల్వీర్ భండారీ మెజారిటీలోనే ఉన్నారు.

ఆ తీర్పుకు కారణం అంకెలే. ఆ కార్యక్రమంలో మింకీలు దాదాపు 3,600 చచ్చాయని కోర్టు లెక్కగట్టింది. మొదటి ఏడు సీజన్లలో ఫిన్ తిమింగలాలు 18 మాత్రమే. హంప్‌బ్యాక్ ఒక్కటీ లేదు. మూడు జాతుల మధ్య పోటీని లెక్కగట్టడం ముఖ్య లక్ష్యమని చెప్పి, రెండు జాతుల నమూనాలు ఇలా ఉంటే ఆ లెక్క ఎలా కుదురుతుంది? అయినా లక్ష్యాన్ని సవరించలేదు. చంపకుండా పని జరుగుతుందేమో సరిగా పరిశీలించిన ఆధారమూ చూపలేదు.

నుడికారం:
అయితే "ముసుగులో" అనేయవచ్చు కదా?

న్యాయపదం:
కోర్టును ఉటంకించేటప్పుడు అనకూడదు. ముసుగు, నెపం అన్నవి మనసులోని ఉద్దేశాన్ని ఆరోపించే మాటలు. కోర్టు అధికారుల ఉద్దేశాల జోలికి వెళ్లలేదు. పథకం రూపకల్పన, అమలు చెప్పిన లక్ష్యాలకు తగినట్టు ఉన్నాయా అనే చూసింది. మాంసం అమ్మి ఆ డబ్బుతో పరిశోధన నడిపినంత మాత్రాన తప్పు కాదని కూడా చెప్పింది. "పేరిట"లో అనుమానం ఉంది గానీ నేరారోపణ లేదు. మీ అభిప్రాయంగా రాస్తే "ముసుగులో" రాయండి, నేనూ అదే రాస్తాను. వాణిజ్య వేటపై నిషేధం 1986లో అమలుకొచ్చింది, జపాన్ అంటార్కిటిక్ పరిశోధన వేట 1987లో మొదలైంది. ఆ వరుస చూశాక నాకు మెత్తని మాట రాదు.

కడలిగవ్వ:
"నమూనా సేకరణ" కూడా ప్రమాదమే. ఆ మాట వింటే నీళ్ల సీసా గుర్తొస్తుంది. ఇక్కడ జరిగేది హార్పూన్‌తో చంపి ఓడ మీదికి లాగడం. "చంపి తీసే నమూనా", "చంపకుండా తీసే నమూనా" అని విడివిడిగా రాయండి. చిన్న బాణంతో చర్మం, కొవ్వు ముక్క తీస్తే లింగం, డీఎన్ఏ, ఏ గుంపుకు చెందిందన్నది తెలుస్తాయి. మలం నుంచి ఆహారం తెలుస్తుంది. వయసు కోసమైతే చంపాలని వాదించేవారు చెవిలోని గులిమి బిరడాను చూపుతారు. దాన్ని నిలువునా కోసి పొరలు లెక్కపెడతారు. గులిమి అనే మాటే వాడండి, మన జనానికి తెలిసిందే.

జపనీయుల మాట "చోసా హొగేయ్". చోసా అంటే సర్వే, పరిశీలన. హొగేయ్ అంటే తిమింగలాల్ని పట్టడం. చంపడమన్నది ఎక్కడా వినబడదు.

నుడికారం:
ఇప్పటి వేటకూ "పరిశోధన పేరిట" అనవచ్చా?

న్యాయపదం:
వద్దు. 2019 జూన్ 30న జపాన్ కమిషన్ నుంచి బయటికి వచ్చింది. జూలై 1 నుంచి తన జలాల్లో బాహాటంగా వాణిజ్య వేట సాగిస్తోంది. 2024లో ఫిన్ తిమింగలాన్నీ ఆ జాబితాలో చేర్చింది. అది "వాణిజ్య వేట", అంతే. ఐస్‌లాండ్ 2003-2007 మధ్య పరిశోధన పర్మిట్లతో చేసిన వేటకు మాత్రం "పరిశోధన పేరిట" వర్తిస్తుంది. నార్వేది వేరే సంగతి. నిషేధానికి అభ్యంతరం నమోదు చేసి వాణిజ్యంగానే వేటాడుతోంది.